పెనుబండ ఎవరిది?

అనగా అనగా, రాజులు వేటకు వెళ్లి దారి తప్పడం, అడవి దేవతలు మనుషుల మాట ఆలకించడం రెండూ మామూలుగా జరిగే కాలంలో, తుమ్మెదకోన అనే చిన్న గూడెం ఒకటి ఉండేది.

గూడెం వెనకాలే పెనుబండ. పేరుకు బండే గానీ, కొండను నిలువునా కోసి నిలబెట్టిన రాతిగోడ అది. కింద నిలబడి పైకి చూస్తే తలపాగా జారి వెనక్కి పడాల్సిందే. పైన నిలబడి కిందికి తొంగిచూసినవాళ్లు రెండోసారి చూడరు. ఆ గోడ పొడవునా చేటలంతేసి, తలుపులంతేసి తేనెపట్లు వేలాడుతుండేవి. ఎండ ఎక్కేసరికి బండ మొత్తం ఒక్క గొంతుతో రొద చేసేది. ఆ రొదలో పెరిగిన పిల్లలు వేరే ఊరు వెళ్తే, ఏదో పోగొట్టుకున్నట్టు బెంగపడి నిద్రపోయేవాళ్లు కారట.

ఆ తేనే గూడేనికి తిండి. ఎండాకాలం చివర తేనె తీసి, సంతలో ఇచ్చి, వానాకాలానికి సరిపడా జొన్నలూ ఉప్పూ తెచ్చుకునేవాళ్లు. వానలు మొదలైతే బండ మీద పాచి పడుతుంది, ఇక ఎవరూ దిగలేరు. ఈలోగా తేనె తీయకపోతే ఆ ఏడు పస్తులే.

తేనె తీయడానికి వాళ్లకు మూడు కట్టుబాట్లు ఉండేవి.

మొదటిది తాడు గురించి. ప్రతి గుడిసె వాళ్లూ తమ వంతు నార తెచ్చి, ముందువాళ్ల కొసకు కలిపి పేనాలి. గూడెం ఎంత ఉంటే తాడు అంత పొడుగన్నమాట. అందుకే వచ్చిన తేనె అన్ని గుడిసెలకూ సమంగా పంచాలి, పొయ్యి దగ్గరి నుంచి కదలలేని ముసలివాళ్లకు కూడా.

రెండోది ఇంకా చిత్రమైనది. బండ దిగేవాడి తాడును పైన పట్టుకునేది అతని బావమరిదే. సొంత అన్నదమ్ములు పనికిరారు, స్నేహితుడు అసలే పనికిరాడు. అన్నదమ్ములకు వాటాల తగువులుంటాయి, స్నేహితుడికి లోపల ఎక్కడో ఈర్ష్య ఉంటుంది. బావమరిదికి మాత్రం తన తోబుట్టువు బతుకు చల్లగా ఉండాలని ఉంటుంది కదా. ఎవరు పెట్టారో గానీ, మనుషుల సంగతి బాగా తెలిసినవాళ్లే పెట్టి ఉంటారు.

ఇక మూడోది, బండ నడిమిలో చూరులా ముందుకు వచ్చిన రాయి కింద ఉన్న పట్టును ముట్టకూడదు. అది తేనెలమ్మ తల్లిది.

ఆ గూడెంలో బండ దిగడంలో బయ్యన్నను మించినవాడు లేడు. అతని భార్య ఈరమ్మ. ఈరమ్మ తమ్ముడు కాటయ్య పైన తాడు పట్టుకునేవాడు. ఎన్నో ఏళ్లు బావ దిగాడు, బావమరిది పట్టుకున్నాడు, గూడెం తిన్నది.

ఒకనాడు ఆ రాజ్యాన్ని ఏలే గోవర్ధన భూపతి వేటలో దారి తప్పి, దాహంతో నోరు ఎండిపోయి, బయ్యన్న కంటపడ్డాడు. బయ్యన్న ఆకుదొన్నెలో తేనె కలిపిన నీళ్లు ఇచ్చాడు. రాజుకు ప్రాణం లేచి వచ్చింది. ఈ తేనె ఎక్కడిదని అడిగాడు. ప్రాణానికి తెగించి తానే తెచ్చానని బయ్యన్న చెప్పాడు. అబద్ధమేమీ కాదు. తాడు సంగతి మాత్రం చెప్పలేదు.

“ఇంత తేనె ఇచ్చే బండ నీలాంటి ధీరుడికే దక్కాలి. నేటి నుంచి పెనుబండ నీది” అన్నాడు రాజు. ఆ బండ ఎంతుంటుందో, ఎక్కడుంటుందో ఆయనకు తెలియదు. దాహం తీరిన రాజును మించిన దాత ఎక్కడుంటాడు?

బయ్యన్న చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెబుతున్నాను, తరవాత మీరు అతని మీద కోపం తెచ్చుకోకూడదు. అతని ఒళ్లంతా తేనెటీగలు కుట్టిన మచ్చలే. దిగేది నేను, కుట్టించుకునేది నేను, చలిమంట దగ్గర కూర్చుని కబుర్లు చెప్పేవాడికీ నాకూ ఒకటే వంతా, అన్న ప్రశ్న అతని మనసులో ఎప్పటి నుంచో నలుగుతోంది. మీకైనా నలగదా చెప్పండి. ఇప్పుడు రాజు మాట దొరికింది. గూడేన్ని పిలిచి, బండ తనదని, ఇక వంతులు లేవని, తేనె కావలసినవాళ్లు తన కింద పని చేసి తీసుకోవచ్చని చెప్పేశాడు.

అందరూ కాటయ్య వైపు చూశారు.

“బండ నీదే బావా, కాదనను. ఈ చేతులు మాత్రం నావి” అని కాటయ్య తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ మాట గూడేనికి పట్టుకుంది. ఎవరిది వారిదే అయితే మా నార మాదే కదా అని పక్క గుడిసె ఆయన వచ్చి, తాడు కొసన తన వంతు నార విప్పుకుపోయాడు. అది చూసి ఇంకొకడు. ఆ పేనిన తాడు, తాతల చేతుల్లో రూపుదిద్దుకున్న ఆ తాడు, చూస్తుండగానే నారపోగులై ఇళ్లకు పోయింది. సాయంత్రానికి బయ్యన్న చేతిలో మిగిలింది అతని వంతు బారెడు నార. చేతిలో బారెడు నార, ఎదురుగా ఆకాశమంత బండ. రెండూ అతనివే.

ఒక్కడే కూర్చుని అంత తాడు పేనాలంటే వానలు వచ్చి పోతాయి. ఈరమ్మ మొగుడితోనూ మాట్లాడలేదు, తమ్ముడితోనూ మాట్లాడలేదు. వండి పెట్టి గోడ వైపు తిరిగి కూర్చునేది. పడమట మబ్బులు కనిపించసాగాయి. బయ్యన్నకు కోపం, భయం కలిసి వచ్చాయి. రాజు ఇచ్చినదాన్ని గూడెం అడ్డుకుంటోందని రాజధానికి బయలుదేరాడు. గూడెం కూడా వెంట నడిచింది, అందరికంటే పెద్దదైన సుంకులవ్వను ముందు పెట్టుకుని.

సభలో కోశాధికారి, మంత్రి, పురోహితుడు, ముగ్గురు పండితులూ వాదానికి కూర్చున్నారు.

కోశాధికారి లేచి, రాజు ఇచ్చినదాన్ని నలుగురూ చేరి వెనక్కి లాక్కుంటే రేపు తన ఇల్లు తనదని ఎవడు నమ్ముతాడని, తనది కాని పొలాన్ని ఎవడు ఒళ్లు వంచి దున్నుతాడని అడిగాడు. సభ తల ఊపింది. నిజానికి ఊపదగ్గ మాటే.

మంత్రి లేచి, మనుషులు తమలో తాము చేసుకున్న ఒప్పందం రాజు మాటకంటే పాతదని, ఆ ఒప్పందం వల్లే మనిషి పక్కన మనిషి నిర్భయంగా కన్ను మూస్తున్నాడని చెప్పాడు. దానికీ సభ తల ఊపింది.

అప్పుడు బయ్యన్న అడిగాడు. “ఆ ఒప్పందం చేసుకున్న రోజుకు నేను పుట్టనేలేదు దొరా. నన్ను ఎవరు అడిగారు?”

అన్ని శాస్త్రాలు చదివిన మంత్రికి ఈ ఒక్క ప్రశ్నకు జవాబు ఏ శాస్త్రంలోనూ తగల్లేదు.

ముచ్చటగా మూడోవాడు పురోహితుడు గొంతు సవరించుకున్నాడు. భూమి దేవుడిది, బండ దేవుడిది, తేనె దేవుడిది, కాబట్టి ఆ తేనె అంతా ఆలయానికి చేరడం న్యాయమన్నాడు.

“దేవుడు అడిగాడా నాయనా, నువ్వు అడుగుతున్నావా?” అంది సుంకులవ్వ. కొందరు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

వాదం సాగుతూనే ఉంది. ఒక్కొక్కరు చెబుతుంటే ఒక్కొక్కరిదే సరి అనిపిస్తోంది. రాజుకు తల తిరిగింది. చివరికి సుంకులవ్వే కర్ర ఊతంగా ముందుకు వచ్చింది.

“నాయనా, నువ్విచ్చిన ఆ బండను నువ్వు చూశావా?”

గోవర్ధన భూపతి చెవులు వేడెక్కాయి. ఆయనకు పొగడ్తలంటే చాపల్యం గానీ మనసు మంచిది. “లేదవ్వా. చూడకుండా ఇచ్చాను. చూడకుండా తీర్పు మాత్రం చెప్పను” అని, పండితులనూ సేనాపతినీ వెంటబెట్టుకుని తుమ్మెదకోనకు కదిలాడు.

బండ అంచున నిలబడి తొంగిచూసిన రాజు చప్పున వెనక్కి జరిగాడు. కాసేపు ఊపిరి పీల్చుకుని, నేను దిగుతాను అన్నాడు. పండితులు వారించారు. దిగనిదే చూసినట్టు కాదని రాజు పట్టుబట్టాడు.

ఏనుగులను కట్టే మోకులు తెప్పించారు. బయ్యన్న వద్దన్నాడు. మోకు రాతికి రాసుకుని బరబరమంటుంది, ఈగలు లేస్తాయి, నారతాడైతేనే సద్దు చేయదు అన్నాడు. చేసేదేముంది? నార పట్టుకుపోయినవాళ్లంతా తెచ్చారు. పొద్దంతా కూర్చుని పేనారు. బయ్యన్న తన బారెడు నార తెచ్చి కొసకు కలిపాడు. పక్కనే కాటయ్య. ఇద్దరూ ఒకే తాడు పేనారు గానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మర్నాడు పొద్దు పొడవకముందే రాజు కిరీటం తీశాడు. అత్తరు వాసనకు ఈగలు రేగుతాయంటే వాగులో స్నానం చేశాడు. గూడెం వాళ్లలాగే గోచీ బిగించాడు. అలా చూస్తే ఎవరు రాజో చెప్పడం కష్టమే.

“తాడు ఎవరు పడతారు?” అని అడిగాడు.

“నీ బావమరిది పట్టాలి నాయనా. ఇక్కడ రాజుకు వేరే కట్టుబాటు లేదు” అంది సుంకులవ్వ.

రాజు ముఖం పాలిపోయింది. ఎందుకో చెబుతాను. ఆయన బావమరిది సేనాపతి జయంతుడు, రాణికి తమ్ముడు. కిందటి ఏడు ఒక కవి తనను పొగిడాడని మురిసిపోయి, రాజు జయంతుడి తాతలనాటి పొన్నవరాన్ని ఆ కవికి నోటిమాటతో ఇచ్చేశాడు. ఆనాటి నుంచి జయంతుడు కొలువు మానలేదు, అలాగని నవ్వనూ లేదు.

జయంతుడు ఉంగరాలు తీసి పక్కన పెట్టి, రాతి అంచుకు మడమలు తన్నిపెట్టి కూర్చున్నాడు. తాడును నడుముకు చుట్టి చేతుల్లోకి తీసుకున్నాడు. ఆపద వస్తే తప్ప ఇంకెవరూ ఆ తాడును తాకకూడదన్నది ఆనవాయితీ. గూడెం వెనక్కి జరిగి నిలబడింది.

“ప్రభూ, ఏం కనిపించినా రెండు చేతులూ తాడు మీదే ఉంచండి” అని బయ్యన్న రాజు నడుముకు తాడు కట్టాడు.

రాజు అంచు దాటాడు.

మొదట కిందికి చూశాడు. అడవులు, వాగు, పంట పొలాలు, దూరాన ఇంకేవో కొండలు. తన రాజ్యం ఎక్కడ ముగిసి పొరుగు రాజ్యం ఎక్కడ మొదలవుతుందో వెతికాడు. ఆ పొలిమేర కోసం తన తండ్రి యుద్ధం చేశాడు, తానూ చేశాడు. ఎంత వెతికినా గీత కనిపించలేదు. పచ్చదనం అటు నుంచి ఇటు ఏ అడ్డూ లేకుండా పారి వస్తోంది. ఇదంతా నాదని ఇన్నాళ్లూ ఎలా అన్నానా అని ఆయన సిగ్గుపడ్డాడు.

తరవాత ఎదురుగా చూశాడు. చేతికి అందేంత దగ్గరలో తేనెపట్టు. పట్టు మీద సందు లేకుండా ఈగలు. మనిషి వాసన తగలగానే ఒక మూల ఈగలు నడుములు ఎత్తి దించాయి. వాటి పక్కవి, ఆ పక్కవి. గాలి సాగినప్పుడు వరిచేను వంగినట్టు పట్టు మొత్తం మీద ఒక అల పాకిపోయింది. ఆ అల ఆగకముందే పక్క పట్టు అందుకుంది, దాని పక్కది అందుకుంది. బండ పొడవునా వెలుగు పరుగెత్తినట్టయింది. ఎవరు ఆజ్ఞ ఇస్తున్నారో అని రాజు వెతికాడు. ఎవరూ లేరు. వేలితో నలిపితే నలిగిపోయే ప్రాణాలు. అన్నీ కలిసి కదిలితే మహారాజుకు ఊపిరి ఆగింది.

తాడు ఇంకొంచెం జారింది. చూరు రాయి కిందికి వచ్చాడు.

అక్కడ విగ్రహం లేదు. దీపం లేదు, కుంకుమ లేదు. చల్లని చీకటి, ఆ చీకటిలో అన్నిటికంటే పెద్ద పట్టు ఒకటి, ఎన్ని తరాల నుంచో ఏ చెయ్యీ పడనిది. రొద చెవులకు కాక ఎముకలకు వినిపిస్తోంది. అడిగేవాళ్లు లేరు, ఇచ్చేవాళ్లు లేరు. బంగారు గోపురాల ముందు కూడా కదలని ఆయన మనసు అక్కడ కదిలిపోయింది. కళ్లు నీళ్లతో నిండాయి. తనకు తెలియకుండానే గోవర్ధన భూపతి రెండు చేతులూ జోడించాడు.

జోడించాలంటే తాడు వదలాలి కదా. వదిలాడు.

ఒళ్లు ఒక్కసారి వెనక్కి వాలి తలకిందులైంది. తాడు గుంజుకుని ఊగింది. పైన ఆ కుదుపుకు జయంతుడి మడమలు జారాయి. నార అతని అరచేతుల్లోంచి చర్మం ఒలుచుకుంటూ పరుగెత్తింది. అతను అంచు దాకా ఈడ్చుకుపోయాడు, కానీ వదల్లేదు. గూడెం కొయ్యబారిపోయింది.

ముందుగా కదిలింది కాటయ్య. ఈ చేతులు నావి అన్న కాటయ్యే పరుగున వచ్చి జయంతుడి వెనక తాడు అందుకున్నాడు. అతని వెనక బయ్యన్న పట్టుకున్నాడు. ఇక గూడెమంతా వరుసగా పట్టుకుంది. ఈరమ్మ పట్టుకుంది, కోశాధికారి, మంత్రి, పురోహితుడు పట్టుకున్నారు. చిట్టచివర సుంకులవ్వ కర్ర పారేసి కొస పట్టుకుంది. లాగే బలం ఆమెకు లేదు. అయినా పట్టుకుంది.

వేలాడుతున్న రాజు తాడు దొరకబుచ్చుకుని అప్పుడు పైకి చూశాడు. బండ అంచున రక్తం కారుతున్న రెండు చేతులు కనిపించాయి. ఆ చేతులు వదిలితే సింహాసనం ఖాళీ. ఆ సంగతి తనకు తెలుసు, ఆ చేతులకూ తెలుసు. వదల్లేదు. తాను ఇన్నాళ్లూ కూర్చున్నది సింహాసనం మీద కాదని, ఇదిగో ఈ చేతుల మీదని అప్పుడు తెలిసింది. దేవుడి ముందు చేతులు జోడించగలిగింది కూడా పైన ఎవరో పట్టుకున్నారు కనకనే.

పైకి లాగారు. రాజు మొదట జయంతుడి దగ్గరికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, దిగేముందు తీసి పెట్టిన తన ఉత్తరీయం చింపి ఆ చేతులకు కట్టాడు.

“పొన్నవరం నీది. నేను ఇస్తున్నది కాదు, ఎప్పుడూ నీదే. కవికి ఇచ్చిన మాట నా సొంత పొలంతో తీర్చుకుంటాను” అన్నాడు.

“మా అక్కకు ఏం చెప్పుకోవాలా అని పట్టుకున్నాను బావా” అన్నాడు జయంతుడు. నలుగురిలో రాజును బావా అనడం అదే మొదలు. అని నవ్వాడు.

రాజు అక్కడే నేల మీద కూర్చుని తీర్పు చెప్పాడు. తాను ఇచ్చిన బండ అసలు తనది కాదన్నాడు. అయినా ఇచ్చిన మాట తనదే, దాన్ని వెనక్కి తీసుకుంటే రాజ్యంలో ఎవరి గుడిసె మీదా ఎవరికీ నమ్మకం ఉండదన్నాడు. బయ్యన్న ధైర్యం బయ్యన్నదే, అతను ఒప్పుకోని ఒప్పందాన్ని అతని మెడకు చుట్టనన్నాడు. చూరు రాయి కింద చేతులు జోడించాను గానీ, అక్కడ తేనె అడిగేవాళ్లు ఎవరూ కనిపించలేదని పురోహితుడి వైపు చూశాడు.

“కాబట్టి బండ నీదే బయ్యన్నా. దాన్ని ఏం చేస్తావో నువ్వే చెప్పు” అన్నాడు.

పడమట మబ్బు నల్లబడింది. అతని ఒక్క మాటలో గూడేనికి ఆ ఏటి తిండి ఉంది.

బయ్యన్న తన అరచేతులు చూసుకున్నాడు. నార ఒరుసుకున్న ఎర్రని చారలు. పక్కన కాటయ్య చేతుల్లోనూ అవే చారలు.

“నాదైతే, ఇచ్చే హక్కు కూడా నాదే కదా ప్రభూ?”

“నీదే. ఎవరికి ఇస్తావు?”

“తాడుకి” అన్నాడు బయ్యన్న.

ఎవరికీ అర్థం కాలేదు. అతనే విడమరిచి చెప్పాడు. “ఇందాక లాగుతున్నప్పుడు నా నార ఎక్కడుందా అని చూశాను. కనిపించలేదు. ఎవరి నార ఈ తాడులో కలిసిందో వాళ్లందరిదీ బండ. విప్పుకుపోతానంటే ఎవరినీ ఆపొద్దు. అయితే ఏటా తాడు పేనేముందు ఒక్కొక్కరినీ అడగాలి, నీకు ఇష్టమేనా అని. నన్ను ఎవరూ అడగలేదు ప్రభూ. అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్నే.”

సుంకులవ్వ ఆ మాటకు కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లుగా అడగాలని తోచనందుకు తప్పయిందంది. అక్కడికక్కడే ఒక్కో గుడిసెనూ పేరు పెట్టి అడిగింది. ఇష్టమే అన్నవాళ్లు ఇష్టమే అన్నారు. ఒకాయన మాత్రం, దిగేవాడికి రెండు వంతులు ఇవ్వాలని, అలాగైతేనే తనకు ఇష్టమని అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. బయ్యన్న తల దించుకుని ముఖం తుడుచుకున్నాడు.

చివరగా అవ్వ కాటయ్యను అడగబోయింది. బయ్యన్న ఆమెను ఆపి, తానే బావమరిది ముందు నిలబడ్డాడు.

“పట్టుకుంటావా కాటయ్యా?”

“చేతులు నావే బావా. నేనే ఇస్తున్నాను” అన్నాడు కాటయ్య. అని బండ అంచుకు మడమలు తన్నిపెట్టి కూర్చున్నాడు. వాన రాకముందే బయ్యన్న తేనెకు దిగాడు.

అందుకే పిల్లలూ, నాది అన్న మాటను నిలబెట్టేది నలుగురి చేతులే. ఆ చేతులు లాక్కుంటే రావు, ఇష్టంగా అడిగితేనే వస్తాయి.